పడుగు తడిసింది

మొన్న సోమవారం ఒక పోరి మా ఇంటికచ్చింది. పేరు మౌనిక, ఊరు కోరుట్ల. తండ్రి దుబాయిల డ్రైవర్, తల్లి బీడీలు చేసి చదివిచ్చింది. ఇప్పుడు ఏదో యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్నదట. మా అత్తగారి ఊరి పిల్ల కాబట్టి లోపలికి రమ్మన్న గని, లేకుంటే జగిత్యాల ఎండల మిట్టమధ్యాహ్నం ప్రశ్నలు పట్టుకొని అచ్చేటోళ్లకు నేను తలుపు తియ్య. ముప్పై ఐదేండ్లు బడిల పిల్లలను ప్రశ్నలడిగి అడిగి, ఇప్పుడు నన్నెవలన్న అడిగితే నాకు ఒళ్లుమంట. పుస్తకం భాషల సమాధానాలు చెప్పి చెప్పి సుత యాష్టకచ్చింది. అందుకే ఇది నా భాషల రాస్తున్న.

పోరి ఒళ్లె ట్యాబ్ పెట్టుకొని కూసున్నది. అండ్ల ఒక పెద్ద పేరున్నది: యువత హింస దిక్కు పోకుండ శాంతితోని, అభివృద్ధితోని ఆపుడు గురించి. కింద గడులు. రోడ్డు, బడి, ఉద్యోగం, కౌన్సిలింగ్, ఇతరములు. "మేడమ్, ఆ రోజులల్ల సిరిసిల్లల మీ గల్లీ నుంచి కొందరు పిలగాండ్లు లోపలికి పోయిన్రు గదా. మీ అన్న సుత పోతందుకు సంచి సదురుకొని ఆగిపోయిండని విన్న. ఆయన్ను ఏది ఆపింది? ఇండ్ల ఏదన్న ఒకటి టిక్ పెట్టాలె" అన్నది. లోపలికి పోవుడంటే అడవిల తుపాకి పట్టుకున్నోళ్లల్ల కలుసుడు. మేమట్లనే అంటుంటిమి, ఇంకో మాట లేకుండె.

నేను ఆ గడుల దిక్కు చూస్తనే ఉన్న. రోడ్డు? మా గల్లీకి అప్పుడు రోడ్డు లేకుండె. ఉద్యోగం అంతకన్న లేకుండె. "మా అన్న ఇయ్యాల మాపటికి అస్తున్నడు బిడ్డా, ఆయన్నే అడుగు" అన్న. నిజంగనే అన్న అచ్చే రోజది. పొద్దుగాల్నే ఫోన్ చేసిండు. "చెల్లే, మన కుంచె నీ దగ్గరనే ఉన్నది గదా? ఒకసారి చూడబుద్ధి అయితంది" అన్నడు. డెబ్భైకి దగ్గరవడ్డడు, చెవులు మందం, ఎడమకాలు కుంటుతడు. ఆ కాలు గురించి కరీంనగర్‌ల ఎక్స్‌రే తీస్తే డాక్టర్ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, బొక్కల ఏ దోషం లేదు పెద్దమనిషీ, ఎందుకు కుంటుతున్నవో నాకు తెల్వదు అన్నడట. అసొంటి మనిషి బస్సు పట్టుకొని ఒక పాత కుంచె చూస్తందుకు అస్తున్నడు. నేను స్టూల్ ఎక్కి సజ్జ మీద నుంచి దాన్ని దించిన. అవ్వ పాత చీరల చుట్టిపెట్టిన. ముడి విప్పంగనే గంజి వాసన అచ్చింది. అన్ని ఏండ్ల తర్వాత అస్తదా, నా ముక్కుకు భ్రమనో, నాకు తెల్వదు. నేను మాత్రం ఆడనే కింద కూసున్న.

మౌనికకు కుంచె అంటే రంగులేసేదే తెలుసు. ఇది వేరు. పొడుగు కర్ర, దానికి కింద ఒత్తుగ వేర్ల కుచ్చు. ఒక్క మనిషి మోస్తడు గని ఒక్క మనిషి పని చేయలేడు. రెండు కొసలకు ఇద్దరుండాలె. మగ్గం మీద గుడ్డ నెయ్యాలంటే ముందుగాల నిలువు పోగులు తయారు గావాలె, దాన్నే పడుగు అంటం. పడుగును మొత్తం గల్లీ పొడుగు పరిచి, ఆ కొసకు ఈ కొసకు గుంజలకు కట్టి, నడుమ నడుమ కర్రలు నిలవెట్టి, గంజి పూస్తరు. పూసినంక అది ఎండేదాక కుంచె ఆగొద్దు. పడుగుకు అటొకలు ఇటొకలు ఎదురెదురుగ నిలవడి, కుంచె దాని మీద అడ్డం పెట్టి, ఇద్దరొక్క అడుగు మీద నడవాలె. అడుగు తప్పితే కుంచె వంకరవోతది, పోగులు తెగుతయి. ఆగితే పోగు పోగు అంటుకొని మొత్తం పడుగు కట్టెలెక్క అయితది, ఇగ అది పొయ్యిలకే.

మా గల్లీల తెల్లారుడు కోడికూతతోని కాదు, గంజి ఉడుకుడుతోని. అవ్వ పెద్ద గంజుల, అదే గిన్నెల, జొన్నపిండి కలిపి పొయ్యి మీద పెట్టేది. నేను కర్రతోని తిప్పేదాన్ని. పన్నెండేండ్ల పోరిని, నిద్రమబ్బుల తిప్పుకుంట తిప్పుకుంట పొయ్యికే ఒరుగుతుంటే అవ్వ నెత్తిమీద ఒక్కటి మొట్టేది. గంజి చిక్కవడ్డంక బాపు అచ్చి ఆముదం పోసేటోడు. పోగు మెత్తగ జారాలెనని అందరు పోస్తరు గని, మా బాపు అందరికన్న ఎక్కువ పోసేటోడు. "నీ గంజితోని పడుగుకు కాదు, ఎడ్లబండి ఇరుసుకు రాయాలె" అని గల్లీల నవ్వేటోళ్లు. బాపు పట్టించుకునేటోడు కాదు. మాట తక్కువ మనిషి. తలకు తువ్వాల చుట్టుకొని, చుట్ట ముట్టిచ్చుకోకుండనే నోట్ల పెట్టుకొని, గంజిల వేలు ముంచి రెండు వేళ్ల నడుమ సాగదీసి చూసేటోడు. ఏ ఇంటి గంజి వాసన ఆ ఇంటిదే. మా గల్లీల పెద్దోళ్లు కండ్లు మూసుకొని ముట్టి, ఇది ఫలానోళ్లది అని చెప్తుండె.

ఇగ అప్పుడు కేక లేచేది. "పడుగు తడిసిందీ..." ఆ కేక ఇంటే ఎవలు ఏ పనిల ఉన్నా అచ్చుడే. అన్నం తింటున్నోడు చెయ్యి కడుక్కొని అచ్చుడే. పొత్తులు తెగిన అన్నదమ్ములు, మాటలు బందైన వియ్యంకులు, ఎవలైనా సరే. కోపాలుంటే పడుగు ఎండినంక పడుండ్రి అనేటోళ్లు. అట్లని ఎవలు రాసిపెట్టలే, ఎవలు ఒట్టువెట్టుకోలే. తడి పడుగు కాడికి రానని అన్న మనిషిని నేను చూడలే, ఒక్కసారి తప్ప. ఆ సన్నని పొద్దు ఎండల తెల్లటి పోగులు గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాక సాగి ఉంటే, వాటికింద కోళ్లు తిరుగుతుంటే, మేం పిల్లలం వంగి వంగి ఆ దిక్కుకు పోతుంటే, ఇప్పటికీ కలల అదే గల్లీ కనవడుతది. కలల ఎవలు మాట్లాడరు, కుంచె చప్పుడొక్కటే సర్రు సర్రున ఇనవడుతది.

మా అన్న పేరు రాజేశం. అప్పుడు పందొమ్మిదో ఇరవయ్యో. ఆ వయసు పోరగాండ్లకు మా దగ్గర రెండే తొవ్వలు. ఒకటి బొంబాయి మిల్లులకు, ఒకటి లోపలికి. అన్నకు ఒక దోస్తు ఉండె, సత్తయ్య. జగిత్యాల దిక్కు ఒక పల్లెటూరాయన. ఊర్ల దొర ఇంట్ల వెట్టి చేసుకుంట ఆయన తండ్రి చచ్చిపోయిండు, సత్తయ్య పారిపోయి అచ్చి మా గల్లీల మగ్గం నేర్సుకున్నడు. సత్తయ్య చెప్పే ముచ్చట్లు ఇంటుంటే నాకే కడుపుల మండేది, అన్నకు మండదా? ఆ కోపం తప్పు అని నేను ఇప్పటికీ అనను. మౌనికకు సుత అదే చెప్పిన. మీ కాయిదంల కోపానికి గడి లేదు బిడ్డా, ముందుగాల దానికొకటి పెట్టు అన్న.

ఇద్దరు కలిసి తెల్లవారకముందే గోడలకు కాయిదాలు అంటిస్తుండిరి. కూలి పెంచాలె, దొర జులుం నశించాలె, గసొంటియి. అంటిచ్చేటందుకు మైదాపిండి యాడికెళ్లి తేవాలె? ఇంట్ల గంజి ఉన్నది. అన్న నా దగ్గరికచ్చి, "చెల్లే, ఒక చెంబెడు తియ్యి, అవ్వకు చెప్పకు" అన్నడు. నేను తీసిచ్చిన. అన్న నన్ను నమ్మి ఒక పని చెప్పిండని ఎంత మురిసిపోయిననో. అయితే జొన్నగంజి అంటే మేకలకు పానం. తెల్లారెసరికి సాయవ్వ మేకలు గోడల పొంటి నిలవడి కాయిదాలు నాకుతున్నయి. దొర జులుం అన్నంత దాక తిన్నయి, నశించాలె ఒక్కటి గోడకు మిగిలింది. గల్లీ అంత నవ్వింది. నవ్వుకుంటనే ఉన్నం, ఇంతట్లనే జీపు అచ్చింది.

పోలీసు డ్రెస్సుల అచ్చినోళ్లు ఏ ఊరోళ్లో మాకు తెల్వదు. అండ్ల ఒకాయన హుషారు మనిషి. కాయిదం గోడ నుంచి పీకి, వెనుక వాసన చూసి, ఇది సాలెగంజి అని పట్టిండు. గంజి గురించి బాగ తెలిసినోడు ఎవడు అని అడిగితే మేకలు మేపే సాయవ్వ ఏం ఎరుగక నర్సయ్య ఇల్లు చూపిచ్చింది. నర్సయ్య మామ మాకు చుట్టం కాదు, వరుసకు మామ అని పిలుస్తం. ఒంటి మనిషి. పెండ్లాం చనిపోయింది, బిడ్డను మెట్‌పల్లిల ఇచ్చిండు. గంజి పట్టుడుల ఆయనను మించినోడు లేడు. నేను మా అర్ర దర్వాజ సందుల నుంచి చూస్తున్న. ఆయన చేతుల కాయిదం పెట్టిన్రు. బొటనవేలితోని దాని వీపు రుద్దిండు. ముక్కు దగ్గర పెట్టుకున్నడు. ఒక్క నిమిషం కండ్లు మూసుకున్నడు. నేను చూస్తుంటనే ఆయన్ను జీపుల ఎక్కిచ్చుకొని పోయిన్రు.

తెల్లారి పొద్దుగూకే యాళ్లకు ఆయన ఇంటికి అచ్చి తలుపేసుకున్నడు. అదే రోజు వేములవాడ బస్సుల సత్తయ్యను పట్టుకున్నరని కబురచ్చింది. ఇగ నేను ఆగలేదు. అన్న దగ్గరికి ఉరికి, "అన్నా, నర్సయ్య మామ కాయిదం ముట్టిండు, నేను చూసిన. ముట్టినోడు గుర్తువట్టకుండ ఎట్ల ఉంటడు, ఆయనే చెప్పిండు" అన్న. సాలెపోరిని గదా, సాలెల లెక్కనే ఆలోచించిన. ముట్టితే తెలుస్తది, తెలిస్తే చెప్తడు. తెలిసి సుత చెప్పకుండ ఉండొచ్చని, చెప్పి ఉంటే జీపు మా ఇంటికే అచ్చేదని, పన్నెండేండ్ల బుర్రకు తట్టలే. గల్లీల పెద్దోళ్ల బుర్రలకు సుత తట్టలే. నా మాట ఇల్లిల్లు తిరిగింది. మూడు రోజులల్ల నర్సయ్య మామ ముంగట ఎవలు నిలవడలే. ఆయన గడపల అడుగు పెట్టలే, ఆయన తలుపు సందుల నుంచి పలకరిస్తే మొకం తిప్పుకున్నరు. ఆయన సుత ఇంట్ల నుంచి కదలలే.

అన్న మాత్రం చల్లారలే. సంచి సదిరిండు. రెండంగీలు, ఒక దుప్పటి. అవ్వ ఆ సంచిని చూసి పొయ్యి ముంగట కూసొని చప్పుడు చేయకుండ ఏడ్సింది. అన్న పోతే పోతడు, తిరిగి అస్తడో రాడో, అదొక్కటే కాదు భయం. "పోయి తిరిగి అచ్చిననాడు ఫస్టు లెక్క నర్సయ్యదే" అన్నడు. ఆ మాట అన్న నోట్లెకెళ్లి ఇన్నంక నాకు అన్నం పోలే. నేను ఒక చెంబెడు గంజి ఇచ్చిన, ఒక మాట మోసిన. రెండూ నావే. వాటి వల్ల ఇప్పుడు ఇద్దరు మనుషులు పోయేటట్టున్నరు, ఒకడు అడివికి, ఒకడు పాడె మీదికి. ఎవలికి చెప్పుకోవాలె?

మర్నాడు పొద్దున లేచెసరికి నర్సయ్య మామ గల్లీల పడుగు పరిచి ఉన్నడు. వారం రోజులైంది, కుండల గింజ లేదు కావొచ్చు, నెయ్యకుంటే ఎట్ల గడుస్తది. ఒక్కడే గుంజలకు కట్టుకున్నడు, ఒక్కడే గంజి పూసుకున్నడు. పూసి నిలవడి, "పడుగు తడిసిందీ..." అని కేకేసిండు. ఎవలు రాలే. తలుపుల ఎనుక మనుషులున్నరు, నాకెరుకే, ఊపిరి సుత ఇనవడ్తంది. రెండోసారి కేకేసిండు. గొంతు సగంల తెగింది. ఎండ పోగుల మీదికి ఎక్కుతంది. కొసల కాడ గంజి అప్పుడే తెల్లగ ఎండవట్టింది. ఆయన కుంచె ఒక కొస చేతుల పట్టుకొని, రెండో కొస నేల మీద ఆనిచ్చి నిలవడ్డడు. మూడోసారి కేకెయ్యలే.

అన్న అప్పుడే సంచి భుజానేసుకొని వాకిట్లకు అచ్చిండు. బాపు గడప మీద కూసున్నడు. చుట్ట నోట్ల నుంచి తీసి పక్కన పెట్టిండు.

"యాడికి?" అన్నడు.

"నీకెరుకే."

"పో. నేనాపుతనా? గని పడుగు ఎండుతంది. అది అయినంక పో."

"వాని పడుగా?" అన్నడు అన్న. "బాపూ, నీకు సిగ్గు లేదా? సత్తిగాని చేతులు ఇరగ్గొట్టిచ్చినోని పడుగు నేను పట్టాలె?"

"పడుగు ఎవనిదైతే ఏంది, తడిసింది. నా నడుము పట్టింది, నేను ఒంగలేను. నువ్వు పో. పడుగు ఎండినంక ఆయన్ను ఏమన్న చేసుకో, నేను అడగ."

బాపు ఒక్కపారి అన్ని మాటలు మాట్లాడుడు నేను సూసుడు అదే మొదలు. నడుము నొప్పి అబద్ధం, ఆ పొద్దున్నే రెండు బిందెల నీళ్లు మోసిండు. అన్న సంచి తీసి గోడకు కొట్టినట్టు పడేసిండు. గల్లీలకు నడిచిండు. కింద పడ్డ కుంచె కొస లేపిండు. మొకం చూడలే, పేరు పెట్టి పిలవలే. ఇద్దరు ఎదురెదురుగ నిలవడి నడుసుడు మొదలువెట్టిన్రు.

నేను వాకిట్ల గద్దె మీద నిలవడి చూసిన. అన్న కావాలెనని ఉరుకుతున్నడు. పెద్ద పెద్ద అడుగులేస్తున్నడు. కుంచె వంకరవోతంది, ఒకటి రెండు పోగులు టక్కున తెగినయి. నర్సయ్య మామ వెనుకవడ్తున్నడు, మళ్ల అందుకుంటున్నడు. మొదటి గుంజ దాటిన్రు. నడుమకు అచ్చెసరికి నర్సయ్య మామ పెదాలు కదిలినయి. ఏదో అన్నడు. చిన్నమాట, ఒక్కటే మాట. అన్న మొదటిసారి ఆయన దిక్కు చూసిండు. మొకం దిక్కు కాదు, కింద కాళ్ల దిక్కు. ఆగలే, ఆగితే పడుగు పోతది. గని అడుగు మారింది. కుంటుడు మొదలువెట్టిండు. ఎడమకాలు సగం మోపి, కుడికాలు మీద ఒంగి, నర్సయ్య మామ ఎట్ల నడిస్తే అట్ల. అప్పుడు నాకు ఆయన నడక కనవడ్డది. వారం రోజులు ఇంట్ల నుంచి ఎల్లని మనిషి, ఎట్ల నడుస్తున్నడో ఎవలు చూసిన్రు? కుంచె చక్కగైంది. సర్రు సర్రున చప్పుడు ఒక్కతీరుగ అచ్చింది. ఇద్దరు కుంటుకుంట గల్లీ ఆ కొసకు పోయిన్రు, మళ్ల ఈ కొసకు అచ్చిన్రు, మళ్ల పోయిన్రు. ఒక్కొక్క తలుపే తెరుచుకున్నది. తెగిన పోగులు అతికేటందుకు ఆడోళ్లు ఎల్లిన్రు.

పడుగు ఎండెసరికి పొద్దు నెత్తిమీదికి అచ్చింది. అన్న ఇంట్లకు అచ్చి సంచి తీసి దండెం మీద పెట్టిండు. బాపు అడగలే, అవ్వ అడగలే. నేను అసలే అడగలే, నాకు భయం. నర్సయ్య మామ ఏమన్నడో అన్న ఎన్నడు చెప్పలే. నలభై ఏండ్లకు పైన గడిచినా నేను అడగలే. మనసుల మాత్రం ఎన్నో మాటలు ఊహించుకున్న. నేను నీ ఇంటిని కాపాడిన అన్నడో, నేను చెప్పలే అని ఒట్టువెట్టిండో, నన్ను చంపకు అన్నడో.

నెల తర్వాత సత్తయ్య ఇంటికి అచ్చిండు. కుడిచెయ్యి మూడు వేళ్లు వంగవు. ఆయన నోటనే తెలిసింది, తనను ఎవలు పట్టియ్యలేదని. బస్సుల తనిఖీ చేస్తే జేబుల మడతవెట్టిన కాయిదం ఒకటి దొరికిందట. గల్లీల పెద్దోళ్లు తలలు దించుకున్నరు, అంతే. క్షమించుమని నర్సయ్య మామను ఎవలు అడిగినట్టు నాకు గుర్తులేదు. ఎవల పడుగు తడిసినా ముందుగాల ఆయన్నే పిలిచిన్రు. వేళ్లు వంగని సత్తయ్యకు మగ్గం రాదు, ఆకలికి మళ్ల అడివి దిక్కే చూస్తుండె. నర్సయ్య మామ ఆయన్ను పిలిచి, గంజి కలిపేటందుకు ఎడమచెయ్యి చాలు అని నేర్పిండు. ఆ తర్వాత అన్న, సత్తయ్య, నర్సయ్య మామ, ఇంకో పదిమంది కలిసి ఆఫీసుల సుట్టు ఏండ్లు తిరిగి తిరిగి, వానకాలం పడుగులు తడవకుండ ఒక రేకుల షెడ్డు ఏయించిన్రు. కూలి కోసం పనిబంద్ చేసిన్రు, నూలిచ్చి నేయించుకునే ఆసాములతోని కొట్లాడిన్రు. కోపం ఎటు పోలే, ఆడనే ఉండె, గల్లీలనే పనిచేసింది. లోపలికి పోయిన మా గల్లీ పిలగాండ్లు ముగ్గురు తిరిగి రాలే. వాళ్ల పేర్లు నాకెరుక. వాళ్ల అవ్వలు బతికి ఉన్నన్ని రోజులు వాకిట్ల కూసొని గల్లీ ఆ కొసకే చూసేటోళ్లు.

నేను చేసిన పాపానికి నాకు తోచిన పని చేసిన. లగ్గమై కోరుట్లకు పోయేదాక, నర్సయ్య మామ పడుగు ఉన్న రోజు గంజి మా ఇంట్లనే కాచి నేనే మోసుకపోయేదాన్ని. మొదటిసారి తీసుకపోయినప్పుడు ఆయన వేలు ముంచి, సాగదీసి, ముక్కు కాడ పెట్టుకున్నడు. నా దిక్కు చూసి నవ్విండు. "ఆముదం జర ఎక్కువైంది పోరీ. మీ ఇంటి గంజి నిద్రల ముట్టినా చెప్త" అన్నడు. అంటే ఆ రోజు కాయిదం ముట్టంగనే ఆయనకు తెలిసింది. మా బాపు గంజి అని తెలిసింది, మా అన్న అని తెలిసింది, చెంబుల పోసిచ్చింది ఎవలో సుత తెలిసే ఉంటది. అరికాళ్ల మీద కొడుతుంటే సుత అది మైదాపిండి సారూ అన్నడని ఆ తర్వాత గల్లీల ఇన్న. నేను తలొంచుకొని నిలవడ్డ. మామా, నీ మీద మాట మోసింది నేనే అని చెప్పాలె. నోటిదాక అచ్చింది. ఆయన గంజు అందుకొని పడుగు దిక్కు పోయిండు. ఆ మాట నా నోట్లనే ఉండిపోయింది, ఇయ్యాల రాసుడే మొదలు.

ఇగ కరెంటు సాంచెలు, అంటే మరమగ్గాలు, అచ్చినయి. వాటికి పడుగు మిల్లులనే తయారై అస్తది, గల్లీల పరిచే పని లేదు. గల్లీకి సిమెంటు రోడ్డు అచ్చింది, దాని మీద బండ్లు ఉరుకుతున్నయి. నేను రోడ్డు వద్దంటలే, షెడ్డుల సాంచెల మోతల అన్న చెవులు పోయినా ఆ సాంచెలే మా ఇల్లు నిలవెట్టినయి. గని సాంచె ఒక్కడు నడిపే పని. పక్కోడు ఏమంటున్నడో ఇనవడది. పని లేని ఏండ్లల్ల ఒక్కొక్కలు లోపల లోపలనే కుమిలి పానాలు తీసుకున్నరు, గోడ ఇవతలోళ్లకు తెల్లారినంకనే ఎరుకయ్యేది. ఇప్పటి పిలగాండ్లు ఫోన్లు చేతవట్టుకొని ఎవనికో కోపం చెప్పుకుంటరు, ఆ అవతలోడు దాన్ని ఇంకింత రాజేస్తడు. ఆ అవతలోని కాళ్లు వీళ్లకు కనవడయి. నాకు అదే భయం. మా మనుమడు సుత ఆ ఫోన్ల ఎవలినో తిడుతుంటే ఎదురుంగ ఎవలున్నర్రా అంటే, తెల్వదు నానమ్మా అంటడు.

నర్సయ్య మామ పోయినప్పుడు నేను కోరుట్ల నుంచి పోయిన. పాడె ముందు ఎడమ కొమ్ము అన్న పట్టిండు. నడుస్తుంటే కుంటుతున్నడు. భుజం నొస్తుందేమోనని ఎవలో మారుతా అన్నరు, అన్న ఇయ్యలే. వాళ్లిద్దరు పదిహేనేండ్లు ఒక్క కుంచెకు నడిచిన్రు, అటొకలు ఇటొకలు. ఎవల పడుగైనా ఆ జోడీనే. ఆ నడక అన్న కాలుకు అప్పుడే పట్టింది, మళ్ల పోలే.

సోమవారం మాపటికి అన్న అచ్చిండు. కుంచెను ఒళ్లె పెట్టుకొని కుచ్చు నిమురుకుంట కూసున్నడు. మౌనిక ఆయన చెవి దగ్గరికి జరిగి, నేను ఇన్నేండ్లు అడగనిది ఒక్క నిమిషంల అడిగేసింది. దానికి ఏం తెలుసు, నేను చెప్పిన కథ ఇన్నది, మిగిలింది అడిగింది. "తాతా, ఆ రోజు కుంచె పట్టుకొని నడిచేటప్పుడు ఆయన మీకు ఏమన్నడు?"

నా చేతుల చాయ గిలాస ఉండె. నేను దాన్ని కింద పెట్టిన.

అన్న జరసేపు ఆలోచించలే. నిన్న ఇన్న మాటలెక్క చెప్పిండు. "ఏమున్నది బిడ్డా. 'మెల్లగ నడు అల్లుడా, అరికాళ్లు పచ్చిగున్నయి' అన్నడు."

"ఇంకా?"

"అంతే. నేను మెల్లగ నడిచిన."

మౌనిక ట్యాబ్ దిక్కు చూసింది, వేలు గడుల మీద అటు ఇటు తిప్పింది. ఏం పెట్టిందో నేను చూడలే, నా కండ్లకు నీళ్లడ్డం అచ్చినయి. ఇన్నేండ్లు నేను ఎంత పెద్ద మాటలు ఊహించిన. ఆయన ఒట్టు పెట్టలే, అడుక్కోలే, సంజాయిషీ చెప్పలే. కాళ్లు నొస్తున్నయి అన్నడు. నొప్పి పెట్టినోళ్లెవలో, పెట్టిచ్చుకున్నది ఎందుకో, ఎదురుంగ ఉన్నోనికి చెప్పకుండనే తెలిసింది.

సిరిసిల్ల బస్సు టైమైందని అన్న లేచిండు. కుంచె నీ దగ్గరనే ఉండనియ్యి అన్నడు. మౌనిక సుత కోరుట్లకు పోవాలె, తాతను బస్టాండుల ఎక్కిచ్చి పోత అన్నది. నేను మేడ మీద పిట్టగోడ కాడ నిలవడి చూసిన. ఆ పోరి మధ్యాహ్నం మా మెట్లు రెండ్రెండు దాటుకుంట ఎక్కి అచ్చింది, ఉరుకులాడే నడక దానిది. గేటు దాటినంక రెండడుగులు ముందుకు పోయింది, ఎనుకకు చూసింది, ఆగింది. అన్న కుంటుకుంట అచ్చి కలిసిండు. గల్లీ మలుపు తిరిగేదాక ఇద్దరు ఒక్క అడుగు మీదనే నడిచిన్రు.